గోదాములో పాడవుతున్న వరద పడవల మోటార్లు: అధికారులకు ఒక మెకానిక్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గార్లకు, విపత్తు నిర్వహణ, అగ్నిమాపక, రెవెన్యూ, మత్స్య, పర్యాటక శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను హనుమకొండలో మోటార్లు రిపేరు చేసుకుని బతికే మెకానిక్‌ని. పంపుసెట్లు, జనరేటర్లు, మందు కొట్టే స్ప్రేయర్లు నా రోజువారీ పని. పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్లు కూడా చూస్తాను. ఈ చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల వైపు నుంచి కూడా అవి నా దగ్గరికి వస్తుంటాయి. వరద సహాయం కోసం ఉంచిన మోటార్ల పరిస్థితి గురించి ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. ఆ అర్జీ ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు వెళ్లిందని తెలిసింది, అక్కడితో సరి. మళ్లీ ఇచ్చాను, మళ్లీ అదే కథ. అందుకే ఇప్పుడు అందరి ముందు రాస్తున్నాను. ఏ జిల్లా, ఏ ఆఫీసు అన్నది కావాలనే రాయడం లేదు. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లు "మన గురించి కాదులే" అని పక్కన పెట్టేస్తారు.

పడవలు, మోటార్లు కొనడానికి డబ్బు దొరుకుతోంది. కొన్న మోటారును నెలకోసారి నడిపి చూసే మనిషి లేడు, అందుకు ఒక పద్దు లేదు. నా దగ్గరికి వచ్చే ప్రభుత్వ మోటార్లలో ఎక్కువ భాగం వాడకం వల్ల పాడైనవి కావు. వాడకుండా ఉంచినందుకు పాడైనవి. నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం గురించే.

మన దగ్గర వరద ఎట్లా వస్తుందో మీకు తెలుసు, అయినా కొన్ని తేదీలు గుర్తు చేస్తాను. 2023 జులై 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక్క రోజులో అంత వాన రాష్ట్రంలో అంతకుముందు నమోదు కాలేదు. ఆ తెల్లవారుజామునే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచింది. నిద్రలోంచి లేచిన జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కి సైన్యం హెలికాప్టర్లు, ఎన్డీఆర్ఎఫ్ పడవలు వచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ గడిపారు. కొందరు కొట్టుకుపోయారు. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. అంతకుముందు 2020 ఆగస్టులో చలివాగు మధ్య చిక్కుకున్న రైతులను హెలికాప్టర్‌తో తేవాల్సి వచ్చింది. అదే వానలకు వరంగల్ కాలనీల్లో పడవలు తిరిగాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఎగువన మంగపేట, ఏటూరునాగారం, వాజేడు వైపు జనం ఎంత ఇబ్బంది పడ్డారో అక్కడివాళ్లను అడగండి.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాష్‌నగర్ బ్రిడ్జి మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణానికి తెగించి వెళ్లి వాళ్లను ఒడ్డుకు తెచ్చాడు. ఆ మనిషికి దండం పెట్టాలి. కానీ జేసీబీ డ్రైవర్ తెగింపు మీద ఆధారపడే ఏర్పాటును ఏర్పాటు అనగలమా?

దూరం నుంచి వచ్చే దళాలు బాగా పని చేస్తాయి, అందులో అనుమానం లేదు. కానీ వాగు పొంగడానికి గంటలు చాలు. మబ్బు కమ్మితే హెలికాప్టర్ లేవదు, రోడ్డు తెగితే లారీ రాదు. మొదటి కొన్ని గంటలు ఊరికి దగ్గర్లో ఉన్న పడవే దిక్కు. అది కదలాలంటే దాని మోటారు తాడు లాగగానే అందుకోవాలి.

గత వానాకాలంలో గోదావరి ఒడ్డున ఒక మండల కేంద్రం నుంచి నాకు ఫోన్ వచ్చింది. నీళ్లు చుట్టుముట్టిన ఒక గూడెం నుంచి జనాన్ని తేవాలి, పడవ ఉంది, మోటారు స్టార్ట్ కావడం లేదు అన్నారు. ఫోన్‌లో ఏం చెప్పగలను? ప్లగ్గు విప్పి తుడవమన్నాను, పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు గట్టిపడేదాకా పిసకమన్నాను, చోక్ చూడమన్నాను. అన్నీ చేశారు. తాడు లాగీ లాగీ పిల్లగాళ్ల చేతులు బొబ్బలెక్కాయి తప్ప మోటారు ఉలకలేదు. ఆఖరికి మత్స్యకారులు తెడ్లు వేసి, ఒడ్డు నుంచి తాళ్లు కట్టి, సాయంత్రానికి వాళ్లను తెచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్లు తగ్గాక ఆ మోటారును ఆటోలో వేసుకుని నా షాపుకు తెచ్చారు.

చూడటానికి కొత్తది. పెయింటు కూడా చెదరలేదు. ఔట్‌బోర్డ్ మోటారుకు మొదటి సర్వీసు సాధారణంగా 20 గంటలు నడిచాక చేయాలి. ఇది ఆ 20 గంటలు కూడా నడిచి ఉండదు. విప్పితే లోపల కనిపించింది ఇదీ.

కార్బొరేటర్ అడుగు గిన్నెలో పాత పెట్రోలు ఆవిరైపోయి పసుపుపచ్చని జిగురు మిగిలింది. సన్నని జెట్ రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. ఇక్కడ ఒక మాట అందరూ తెలుసుకోవాలి. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. రోజూ నడిచే బండిలో పోసిన పెట్రోలు రోజూ ఖర్చవుతుంది కాబట్టి నిల్వ బాధ లేదు. పడవ ట్యాంకులో అట్లా కాదు, నెలల తరబడి కదలకుండా ఉంటుంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. తేమ ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. మోటారుకు పోయే పైపు తాగేది సరిగ్గా ఆ అడుగు నుంచే. పెట్రోలులోనే ఆయిల్ కలిపే టూ స్ట్రోక్ మోటార్లకైతే ఇది ఇంకా చెడ్డది, ఎందుకంటే ఆయిల్ పైనున్న పెట్రోలుతో ఉండిపోతుంది. నీళ్లు కలిసిన ఆ ఇథనాల్‌తో మోటారు కాసేపు నడిచినా లోపల ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది. ఔట్‌బోర్డ్ కంపెనీల్లో ఎక్కువ భాగం ఇథనాల్ 10 శాతం మించకూడదని మాన్యువల్‌లోనే రాస్తాయి. ఆ మాన్యువల్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా మోటారుతో పాటు నా దగ్గరికి వచ్చింది.

తర్వాత వాటర్ పంపు. ఔట్‌బోర్డ్ మోటారుకు కారులో ఉన్నట్టు రేడియేటర్ ఉండదు. నదిలోని నీళ్లనే పైకి లాగి ఇంజన్ చుట్టూ తిప్పి బయటికి వదులుతుంది. వెనక సన్నని ధారగా నీళ్లు చిమ్ముతాయి చూడండి, అది వస్తుంటే పంపు పని చేస్తున్నట్టు. ఆ పంపు లోపల రబ్బరు రెక్కలున్న చిన్న చక్రం ఉంటుంది, ఇంపెల్లర్ అంటాం. కదలకుండా ఎక్కువ కాలం ఉంటే ఆ రెక్కలు ఒకవైపు వంగి అట్లాగే గట్టిపడతాయి. నీళ్లు లేకుండా మోటారును ఆన్ చేస్తే కొద్దిసేపట్లోనే కాలిపోతాయి. "స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అని గోదాములో నేల మీద నిలబెట్టి రేజ్ చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. మోటారు బాగుందని ఫొటో తీసుకుని వెళతారు, ఆ పరీక్షతోనే దాని పంపు పోతుంది. ఈ మోటారులో మూడు రెక్కలు విరిగి ఉన్నాయి. ఆ రోజు అది స్టార్ట్ కాకపోవడమే నయం అనిపించింది. అయి ఉంటే జనాన్ని ఎక్కించుకుని నడి ప్రవాహంలో ఉండగా వేడెక్కి ఆగిపోయేది.

కింది గేర్ బాక్స్ నుంచి ఆయిల్ వదిలితే తెల్లగా, మజ్జిగలా దిగింది. సీల్ దగ్గర నుంచి నీళ్లు లోపలికి పోయాయని అర్థం. ప్రొపెల్లర్, అంటే నీళ్లలో తిరిగి పడవను తోసే రెక్కలు, విప్పితే దాని వెనక షాఫ్టుకు నైలాన్ వల పోగు చుట్టుకుని సీల్‌ను కోసేసింది. ఎప్పుడో ఒక మాక్ డ్రిల్‌లో చుట్టుకుని ఉంటుంది. ఆ రోజే ప్రొపెల్లర్ విప్పి చూసి ఉంటే పోగు తీసేయడంతో పోయేది. ఈ సైజు మోటార్లకు గేర్ ఆయిల్ అర లీటరు కూడా పట్టదు. రెండు స్క్రూలు, రెండు వాషర్లు. ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రం నుంచి పొంగేదాకా నింపాలి. చేయి తిరిగినవాడికి అరగంట పని. అది జరగనందుకు గేర్లకు, బేరింగులకు తుప్పు పట్టింది.

ఇవన్నీ ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, "మోటారు మొరాయించింది" అనే మాటతో అన్నీ కప్పేస్తారు. మోటారు మొరాయించదు. ఫలానా రోజు ఫలానా పని చేయనందుకు ఫలానా భాగం పోతుంది, అది ఎవరైనా విప్పి చూపించగలరు.

ఇంకోటి. పడవ ఒక టెండర్‌లో, మోటారు ఇంకో టెండర్‌లో వస్తే జరిగేది కూడా చూశాను. ఔట్‌బోర్డ్ మోటార్లలో షాఫ్టు, అంటే ఇంజన్ నుంచి నీళ్లలోకి దిగే కాడ, పొడవు రకరకాలుగా ఉంటుంది, మామూలుగా 15 అంగుళాలు లేదా 20 అంగుళాలు. పడవ వెనక పలక ఎత్తును బట్టి ఎంచుకోవాలి. పొట్టి షాఫ్టును ఎత్తు పలకకు బిగిస్తే ప్రొపెల్లర్ గాలిని లాగుతుంది. చప్పుడు ఘనంగా ఉంటుంది, పడవ మాత్రం కదలదు. పొడవు షాఫ్టును పొట్టి పలకకు బిగిస్తే తక్కువ నీళ్లలో రాళ్లకు, మునిగిన పొలాల గట్లకు, ఫెన్సింగ్ కడీలకు తగులుతుంది. మన వరద సముద్రం లాంటిది కాదు కదా. పొలాల మీద, ఊరి వీధుల మీద పారే నీళ్లు. అడుగున ఏముందో కనపడదు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరుసగా చెబుతాను.

1. నడి ప్రవాహంలో ఆగిన మోటారు ఒడ్డు మీద ఆగిన మోటారు కన్నా ప్రమాదం. మోటారు ఆగిన క్షణం నుంచి పడవ నడిపేవాడి చేతిలో ఉండదు. అడ్డం తిరుగుతుంది, బ్రిడ్జి స్తంభాల వైపో, చెట్ల కొమ్మల్లోకో, వంగిన కరెంటు తీగల మీదికో పోతుంది. పడవలో ఉన్నవాళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటారు, చాలామందికి ఈత రాదు. భయంతో అందరూ ఒకవైపుకు జరిగితే చాలు, బోల్తా పడుతుంది. కాబట్టి "స్టార్ట్ అయింది, పంపించేయండి" అనే మాట చాలదు.

2. కాన్పు నొప్పులు వరద తగ్గేదాకా ఆగవు. కాన్పు తేదీ దగ్గర పడ్డ ఆడవాళ్లను వానలకు ముందే ఆసుపత్రులకు తరలిస్తున్నారు, మంచి పని. కానీ తేదీ కన్నా ముందు నొప్పులు వచ్చినవాళ్లు, పాము కరిచినవాళ్లు, డయాలసిస్‌కు పోవాల్సినవాళ్లు ఆ రోజు ఆ గూడెంలోనే ఉంటారు. వాళ్లకు పడవ ఒక గంట ఆలస్యం కావడం అంటే ఏమిటో ఆశా కార్యకర్తలను అడగండి.

3. మోటారు పని చేయకపోతే అందరూ చూసేది మత్స్యకారుల వైపే. పుట్టి వేసుకునో, తెప్ప వేసుకునో రమ్మంటారు. వాళ్లు కాదనరు, వాళ్ల చుట్టాలే అవతల ఉంటారు. లైఫ్ జాకెట్ ఉండదు, పనికి కూలీ ఉండదు, ఏమైనా జరిగితే ఇంటివాళ్లకు ఏం వస్తుందో ఎవరూ చెప్పరు. నీళ్లు తగ్గాక శాలువా కప్పుతారు.

4. జాబితాలో ఉండి పని చేయని పడవ, అసలు పడవ లేకపోవడం కన్నా చెడ్డది. పడవ లేదని తెలిస్తే తహసీల్దార్ గారు ముందురోజు సాయంత్రమే ఊరు ఖాళీ చేయిస్తారు, జనం కూడా గొడ్డూ గోదా విప్పుకుని గట్టుకు చేరతారు. ఉందనుకుంటే "రేపు చూద్దాం" అనుకుంటారు. ఆ రాత్రే వాగు వస్తుంది.

5. డబ్బు సంగతి అందరికీ తెలిసిందే, పెద్దగా చెప్పను. సమయానికి కొద్దిపాటి ఆయిల్, ఒక రబ్బరు ఇంపెల్లర్ మార్చనందుకు మొత్తం మోటారునే పనికిరాదని పక్కన పడేసి కొత్తదానికి ప్రతిపాదన పంపుతున్నారు. ఆ కొత్తది కూడా అదే గోదాముకు పోతుంది.

ఇక మేము అడిగేవి. మేము అంటున్నాను, ఎందుకంటే పడవ నడిపే కొందరు, గజ ఈతగాళ్లు, మత్స్యకార సంఘాల పెద్దలు ఈ లేఖ చదివి సరే అన్నాకే బయట పెడుతున్నాను.

1. మిరుగం (మృగశిర కార్తె) లోపు ప్రతి ప్రభుత్వ పడవనూ నీళ్లలో దించి పరీక్షించాలి. గోదాములో కాదు, చెరువులో. లక్నవరం, పాకాల, భద్రకాళి చెరువు, కరీంనగర్ మానేరు డ్యాం, ఏది దగ్గరైతే అది. పడవ మోయగలిగినంత మందిని ఎక్కించి, కనీసం అరగంట, ముందుకు, వెనక్కు, పూర్తి వేగంలో, నిదానంగా నడపాలి. నీటి ధార వస్తోందా, మోటారును ఆపి వేడి మీద మళ్లీ స్టార్ట్ చేస్తే అందుకుంటోందా చూడాలి. ఏ పడవ ఎక్కడ ఉంది, ఎప్పుడు నడిపారు, ఎవరు నడిపారు అనే జాబితాను మండల కార్యాలయం నోటీసు బోర్డు మీద, జిల్లా వెబ్‌సైటులో పెట్టాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి జిల్లాకూ కలెక్టర్ గారి అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ ఉంది, జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించాలని అదే చట్టం చెబుతోంది. ఆ సమీక్షలో "పడవలు: ఇన్ని" అని అంకె వేయడంతో ఆపకండి. నడిచినవి ఎన్ని అనే గడి ఒకటి చేర్చండి.

2. ప్రతి మోటారుకు బాధ్యుడిగా ఒక మనిషి పేరు ఉండాలి. శాఖ పేరు చాలదు. ఆ మనిషి నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి, మోటారును నీళ్ల డ్రమ్ములోనో చెరువులోనో పది పదిహేను నిమిషాలు నడపాలి. డ్రమ్ములో అయితే ప్రొపెల్లర్ తీసేయాలి, నీటిని లాగే రంధ్రాలు పూర్తిగా మునగాలి. ఆ తర్వాత కార్బొరేటర్ ఉన్న మోటారైతే పెట్రోలు పైపు తీసేసి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా నడపనిచ్చి ఆపాలి. లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. బదిలీ అయితే లాగ్‌బుక్ చేతికిచ్చి, మోటారు నడిపి చూపించి, చార్జి అప్పగించాలి. ఇందులో పెద్ద చదువు అవసరం లేదు.

3. పెట్రోలును ఆయిల్ కలపకుండా విడిగా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి, నెల దాటకుండా మార్చాలి. ఆయిల్ కలపని పెట్రోలు అయితే ఆఫీసు బైకుల్లో పోసుకోవచ్చు, ఒక్క చుక్క వృథా కాదు. టూ స్ట్రోక్ మోటారుకు బయలుదేరే ముందు కలుపుకోవాలి. చాలావాటికి 50కి 1, అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. ఏ మోటారుకు ఎంతో మాన్యువల్ చూసి మూత మీదే పెయింటుతో రాయించండి. ఆయిల్ కూడా టూ స్ట్రోక్ బైకులకు వాడే టూటీ (2T) ఆయిల్ కాదు, నీటితో చల్లబడే మోటార్లకు టీసీ-డబ్ల్యూ3 అని వేరే ఉంటుంది. నీటిని వేరు చేసే ఫిల్టరు పైపులో ఒకటి పెట్టిస్తే ఇథనాల్ బాధ కొంత తగ్గుతుంది.

4. నిర్వహణకు వేరే పద్దు పెట్టాలి. ఏటా ఒకసారి లేదా 100 గంటలకోసారి గేర్ ఆయిల్, వాషర్లు, ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టరు మార్చాలి. మన వరద నీటిలో ఇసుక, ఒండ్రు ఎక్కువ కాబట్టి ఇంపెల్లర్‌ను కూడా ఏటా మార్చేయడమే మంచిదని నా అభిప్రాయం. ఈ సామాను మన దగ్గర దొరకదు. హైదరాబాద్‌లోనో, కాకినాడ, విశాఖ తీరంలోనో వెతుక్కోవాలి. వరద మధ్యలో అది అయ్యే పని కాదు. అందుకని ఉత్తర తెలంగాణ జిల్లాలన్నిటికీ కలిపి వరంగల్‌లో ఒక స్టోరు ఉండాలి. ప్రతి పడవలో ఒక పెట్టె ఉండాలి: అదనపు ప్లగ్గులు, ప్లగ్గు స్పానర్, స్టార్టర్ తాడు, ప్రొపెల్లర్ పిన్నులు, చిన్న కత్తి, టార్చి, రెండు తెడ్లు. తెడ్లు లేకుండా పడవను నీటిలోకి పంపకూడదు, మోటారు ఎంత కొత్తదైనా సరే.

5. కొనేటప్పుడే పడవకూ మోటారుకూ కలిపి టెండర్ పిలవండి. షాఫ్టు పొడవు, తెలుగులో మాన్యువల్, నడిపేవాళ్లకు శిక్షణ, కనీసం మూడేళ్ల సర్వీసు ఒప్పందం అందులోనే రాయండి. వీలైనంత వరకు పక్క జిల్లాలన్నీ ఒకే కంపెనీ, ఒకే సైజు మోటార్లు కొంటే ఒకదాని భాగం ఇంకోదానికి పనికొస్తుంది. ఇప్పుడు జిల్లాకో రకం ఉంది.

6. నడిపేవాళ్లను మత్స్యకారుల నుంచి, గజ ఈతగాళ్ల నుంచి, ఫైర్ సిబ్బంది నుంచి ముందే ఎంపిక చేసి, మోటారు మీద శిక్షణ ఇచ్చి, పిలిచిన రోజుకు కూలీ, బీమా ఖాయం చేయాలి. మోటారు ఆపే తాడును చేతికి తగిలించుకోకుండా నడపకూడదు. నడిపేవాడు నీళ్లలో పడితే మోటారు వెంటనే ఆగేది దానితోనే. మనుషులను పడవలోకి లాగేటప్పుడు మోటారు ఆపేయాలి, న్యూట్రల్‌లో ఉందిలే అనుకోకూడదు. ఈ రెండు మాటలు ప్రతి శిక్షణలో చేతులతో చేయించి నేర్పాలి. వరంగల్‌లో ప్రభుత్వ ఐటీఐ ఉంది, మోటారు మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు వారం రోజులు ఈ మోటార్ల మీద పని నేర్పితే నాలాంటి ఒకరిద్దరి మీద ఆధారపడే పరిస్థితి పోతుంది. నేర్పడానికి నేను వస్తాను, డబ్బు అడగను.

7. నీళ్లలో మునిగిన మోటారును ఆ రోజే చూడాలి. మంచి నీళ్లతో కడిగి, ప్లగ్గులు విప్పి, లోపలి నీళ్లు పోయేలా తిప్పి, ఆయిల్ వేసి, కొన్ని గంటల్లోపే నడపగలిగితే బతుకుతుంది. నడుస్తుండగా మునిగినదైతే తిప్పేటప్పుడు ఏమాత్రం పట్టినట్టు అనిపించినా బలవంతం చేయకూడదు, మెకానిక్‌కు ఇవ్వాలి. వారం తర్వాత ఆటోలో వేసుకొస్తే నేను చేయగలిగేది ఏమీ ఉండదు. మునగని మోటార్లను కూడా వరద పని అయ్యాక మంచి నీళ్లతో ఫ్లష్ చేయాలి, నీరు లాగే జాలీలో గుర్రపుడెక్క, గడ్డి ఇరుక్కుందేమో చూడాలి.

8. పర్యాటక పడవల గురించి రెండు మాటలు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక పడవ మునిగి తమ ఊరివాళ్లు పోయినప్పుడు కాజీపేట పక్కన కడిపికొండ ఎంత ఏడ్చిందో మనందరికీ తెలుసు. ఆ ప్రమాదానికి మోటారు కారణమని నేను అనడం లేదు. కానీ పడవ ఎక్కే మామూలు మనిషికి దాని పరిస్థితి తెలిసే దారి లేదు. 2021 అంతర్గత నౌకల చట్టం మర పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ ఉండాలంటోంది. మన చెరువుల్లో తిరిగే పడవల తనిఖీ తేదీని టికెట్ కౌంటర్ దగ్గర బోర్డు మీద రాయండి. ఇంకో ఉపయోగం కూడా ఉంది. బోటింగ్ పడవల మోటార్లు దాదాపు రోజూ నడుస్తాయి కాబట్టి ఉన్నవాటిలో అవే నమ్మదగినవి. వాటిలో వరద నీటికి పనికొచ్చే సైజువి ఏవో గుర్తించి, నడిపేవాళ్లతో సహా, వరద జాబితాలో చేర్చండి.

వీటిలో చాలావాటికి కొత్త జీవో అవసరం లేదని నా నమ్మకం. 1, 2, 3 అంశాలకు కలెక్టర్ గారి ఒక సర్క్యులర్ చాలు. పెట్రోలు ఖర్చు కూడా ఒక జీపు టూరు ఖర్చును మించదు. 4, 5 అంశాలకు రాష్ట్ర స్థాయిలో నిర్ణయం కావాలి, దానికి సమయం పడుతుందని ఒప్పుకుంటాం. కానీ మరీ ఎక్కువ సమయం లేదు. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. కాళేశ్వరం, మంగపేట, ధర్మపురి, బాసర ఘాట్ల దగ్గర లక్షల మంది స్నానాలకు దిగుతారు. ఆ ఘాట్ల ముందు గస్తీ తిరిగే పడవల్లో ఎక్కువ భాగం ఇప్పుడు గోదాముల్లో ఉన్న ఈ మోటార్లతోనే తిరగాలి. పుష్కరాల కోసం కొత్త పడవలు కొంటారేమో, కొనండి. ముందు ఉన్నవాటిని బాగు చేయించండి, కొత్తవాటికి ఎవరు బాధ్యులో కొనే రోజే రాయండి.

నెల రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే ప్రతి మండలంలోని పడవల సంఖ్య, చివరిసారి నడిపిన తేదీ, సర్వీసు ఖర్చు వివరాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు వేస్తాం. వచ్చిన జవాబులను, రానివాటిని కూడా ఊరూరా పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తాం.

మీరు పరీక్ష ఏ చెరువులో, ఏ రోజు పెట్టినా చెప్పండి. పనిముట్ల సంచి తీసుకుని వస్తాను.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్, హనుమకొండ
గోదావరి, వాగుల ఒడ్డు ఊళ్లలో పడవ నడిపే మిత్రుల తరఫున